లోయలు లేని వ్యాలీలు

మా ఊరు సార్నియాకి కెమికల్ వ్యాలీ అని ఇంకో పేరుంది. వ్యాలీ అంటే లోయ కదా అని వెతికితే ఎక్కడా కనబడదు. బల్లపరుపు నేల, పక్కన సెయింట్ క్లెయిర్ నది, ఒడ్డు పొడుగునా రిఫైనరీల గొట్టాలు. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న వాటర్లూ వాళ్ళు తమది క్వాంటం వ్యాలీ అని చెప్పుకుంటారు. అక్కడా లోయ లేదు. 2002లో యూనివర్సిటీలో పెట్టిన క్వాంటం కంప్యూటింగ్ సంస్థ ఉంది. ఇప్పుడు అమరావతిలో కూడా క్వాంటం వ్యాలీ అంటున్నారు. ఆ కృష్ణ ఒడ్డు జరీబు భూముల్లో లోయ ఎక్కడుందో తుళ్ళూరు వాళ్ళనే అడగాలి.

సార్నియాకి ఆ పేరు ఊరికే రాలేదు. 1942లో జపాను మలయాని పట్టుకోగానే మిత్రదేశాలకి రబ్బరు ఆగిపోయింది. లారీలకీ విమానాలకీ టైర్లు లేకపోతే యుద్ధం నడవదు. కెనడా ప్రభుత్వం పాలిమర్ కార్పొరేషన్ అని సొంత కంపెనీ పెట్టి, ఇక్కడ కర్మాగారం కట్టి, 1943లోనే కృత్రిమ రబ్బరు తీసింది. తర్వాత 1971 నాటి పది డాలర్ల నోటు వెనక ఆ కర్మాగారం బొమ్మే వేశారు. కావలసిందేమిటో ముందు తెలుసు, వ్యాలీ తర్వాత వచ్చింది.

ఖరీదు కూడా ఉంది. కర్మాగారాల మధ్యలో చిక్కుకుపోయిన ఆమ్‌జివ్‌నాంగ్ అనే ఆదివాసుల ఊరు 2024 ఏప్రిల్‌లో, గాలిలో బెంజీన్ ఎక్కువై, అత్యవసర పరిస్థితి ప్రకటించుకోవలసి వచ్చింది. జీతాలు ఒకరివి, గాలి ఇంకొకరిది.

అమరావతి సంగతి. 156 క్యూబిట్ల ప్రాసెసరున్న క్వాంటం కంప్యూటర్ని అక్కడ పెడతామని ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో ప్రకటించాయి. దాని కింద ఉండేది రైతులు 2015లో రాజధాని కోసమని పూలింగుకి ఇచ్చిన నేల, ముప్పైమూడు వేల ఎకరాల పైచిలుకులో ఒక ముక్క. అందుకే నాకు ఈ యంత్రం వేగం కంటే, దాన్ని ఏ ప్రశ్న అడుగుతారన్నది ముఖ్యం అనిపిస్తుంది. పత్రికల్లో చూస్తే అది అన్నిటినీ కోట్ల రెట్లు వేగంగా చేసేస్తుందన్నట్టు రాస్తున్నారు. చెయ్యదు. జీతాల పట్టీ వెయ్యడానికి, రైలు టిక్కెట్లు అమ్మడానికి మామూలు కంప్యూటరే మేలు.

దానికి నిజంగా చేతనయ్యే పని మా ఊరి పనే: అణువుల లెక్క. ఒక అణువులో ఎలక్ట్రాను ఉండడానికో లేకపోవడానికో యాభై చోట్లున్నాయనుకోండి. మొత్తం అమరికలు రెండుని యాభైసార్లు హెచ్చవేసినన్ని, అంటే పదిహేను సున్నాల సంఖ్య. వంద చోట్లయితే ముప్పై సున్నాలు. అవన్నీ రాసి పెట్టుకోగల కంప్యూటరు భూమ్మీద లేదు. ప్రకృతి క్వాంటం సూత్రాల మీద నడుస్తుంటే, దాన్ని అనుకరించే యంత్రం కూడా ఆ సూత్రాల మీదే నడవాలి కదా అని ఫైన్‌మన్ 1981లో అన్నది ఇందుకే.

సార్నియాకి దక్షిణాన కోర్ట్‌రైట్‌లో ఎరువుల కర్మాగారం ఉంది. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందకి పైగా వాతావరణాల పీడనం కావాలి. ప్రపంచం వాడే శక్తిలో ఒక శాతానికి పైగా ఈ ఒక్క పనికే పోతుందంటారు. అదే పనిని కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందు చల్లే మినుము, పెసర వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా, మంచు పడే పొలంలో, చడీచప్పుడు లేకుండా చేస్తుంది. దాని ఎంజైమ్ గుండెకాయలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకం, మధ్యలో ఒక కార్బన్ ఉన్నాయని తెలుసు. అవి కలిసి ఆ పని ఎలా చేస్తున్నాయో పూర్తిగా తెలీదు. క్వాంటం కంప్యూటరు విప్పవలసిన ముడుల్లో శాస్త్రవేత్తలు తరచూ చూపించేది ఈ అణువునే. 156 క్యూబిట్లతో, ఇప్పుడున్న తప్పులతో, అది అయ్యే పని కాదు. కానీ అడగదగ్గ ప్రశ్న అదీ. మినుము చేలు ఉన్న దేశంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళకి కొరత ఉండకూడదు.

ఈ మేలు కంటే ముందు వచ్చేది తాళాల బెడద. బ్యాంకులూ ప్రభుత్వాలూ వాడే తాళాలు పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద నిలబడ్డాయి. క్వాంటం యంత్రానికి అది కష్టం కాదని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అలాంటి తాళం ఒకటి విప్పాలంటే రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్కగట్టిన ఇద్దరిలో ఒకడైన క్రెయిగ్ గిడ్నీ, 2025లో పది లక్షల లోపే చాలన్నాడు. యంత్రం పెరగకుండానే లెక్క తగ్గింది, నన్ను భయపెట్టేది ఇదే. ఈరోజు దొంగిలించి దాచుకున్న ఫైళ్ళని, యంత్రం వచ్చాక తెరుచుకోవచ్చు. కొత్త తాళాల ప్రమాణాలు 2024 ఆగస్టులో అమెరికా విడుదల చేసింది. కెనడా ప్రభుత్వం తన కార్యాలయాలకి 2035 గడువు పెట్టింది, ముఖ్యమైనవాటికి 2031.

నా ఉద్యోగం ఇక్కడి ఒక ప్లాంటులో కంట్రోల్ సిస్టమ్స్. కవాటాలు తెరిచి మూసే పెట్టెలు ఒకసారి బిగిస్తే పాతికేళ్ళు కదలవు. ఈ ఏడాది కొనేవి 2050లోనూ గోడకి ఉంటాయి. వాటి తాళం మార్చే వీలుందా అని అమ్మడానికొచ్చిన ఆయన్ని అడిగితే, బ్రోషరు ఇంకోసారి తిరగేశాడు పాపం.

గుంటూరులో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా తమ్ముడి కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. "పెదనాన్నా, క్వాంటం తీసుకోనా, ఏఐ తీసుకోనా?"

"ఏదైనా తీసుకో. కెమిస్ట్రీ మాత్రం వదలకు."

"అది ఫస్టియర్‌లోనే అయిపోయింది కదా!"

"పుస్తకం అమ్మేశావా?"

"లేదు, అటక మీదుంది."

దింపమన్నాను.