త్రిశంకు వాహనం

ఏ పత్రిక చేతికొచ్చినా నేను మొదట చదివేది కథలు కాదు, పాఠకుల ఉత్తరాలు. కథ రాసేవాళ్లకి పేరో, పారితోషికమో ఆశ ఉంటుంది. ఉత్తరం రాసేవాడికి ఆ రెండూ లేవు. అయినా పనిమాలా కూర్చుని రాస్తాడంటే, ఉండబట్టలేకే కదండీ!

అలా ఉండబట్టలేనివాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి ఓ ఇంగ్లీషు మతగురువు, జార్జి మోర్గాన్. ఆయన కొడుకు హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ 1909లో మాల్వర్న్ అనే ఊళ్లో ఓ మూడు చక్రాల బండి తయారుచేశాడు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మన ఆటోని తిప్పి నిలబెట్టినట్టన్నమాట. ముందు భాగాన మోటార్ సైకిల్ ఇంజను. గేర్లు రెండే రెండు. రివర్సు గేరు చాలా ఏళ్లదాకా లేనే లేదు. ముందుకు పోవడమేగానీ వెనకడుగు తెలీని బండి! దాన్ని సమర్థిస్తూ తండ్రిగారు మోటారు పత్రికలకి ఉత్తరాలు రాసేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో! పెట్టుబడి కూడా ఆయనదేనండీ మరి.

బండి బాగానే ఉంది. చిక్కల్లా అది ఏ కులంలో చేరుతుందన్నదే. కార్లవాళ్లు కారు కాదు పొమ్మన్నారు. మోటార్ సైకిళ్లవాళ్లకి అదో వింత. ఇలా త్రిశంకు స్వర్గంలో వేలాడే తేలికపాటి బండ్లన్నిటికీ 1912 నవంబరులో లండన్‌లో ఓ పత్రిక పుట్టింది. పేరు ‘ది సైకిల్‌కార్’. అందులో రాసే మెక్‌మిన్నీస్ కేవలం కలం తిప్పి ఊరుకునే రకం కాదు. 1913 జూలైలో ఫ్రాన్సులోని ఆమియాన్ దగ్గర సైకిల్‌కార్ల గ్రాండ్ ప్రీ పందెం జరిగితే, మోర్గాన్ బండి తోలుకెళ్లి అందరికంటే ముందొచ్చాడు.

అప్పుడు మొదలైంది తగువు. మూడు చక్రాలుంటే అది సైకిల్‌కార్ కాదట. సైడ్‌కార్ తగిలించిన మోటార్ సైకిల్ లెక్కట! గెలుపు తీసుకెళ్లి బెడేలియా అనే ఫ్రెంచి బండికి కట్టబెట్టారు. ఆ బెడేలియా సౌభాగ్యం చెప్పనా? ఎక్కినవాడు ముందు కూర్చుంటాడు, నడిపేవాడు వెనక కూర్చుంటాడు! అయితేనేం, చక్రాలు మాత్రం నాలుగున్నాయి కదా.

ఇది చదివినప్పుడు అందరిలాగా నాకు నవ్వు రాలేదు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఓసారి ఓ సభలో ఒక పెద్దమనిషి నన్ను పరిచయం చేస్తూ, “ఈవిడ నవలలు జనం విరగబడి చదువుతారు. అయితే రచయిత్రుల నవలలు వేరే లెక్క అనుకోండి” అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ నమస్కారం పెట్టి కూర్చున్నాను. వేరే లెక్క! పందెంలో ముందొచ్చినా సరే, చక్రాలు లెక్కపెట్టేవాడు ఒకడుంటాడు.

మరి మోర్గాన్ ఏం చేశాడు? కోర్టులకెక్కలేదు. తన బండి రకం ఒకదానికి ‘గ్రాండ్ ప్రీ’ అనే పేరు పెట్టి అమ్ముకున్నాడు! పైగా ఆ వేరే లెక్కే తర్వాత కలిసొచ్చింది. 1920లలో బ్రిటన్‌లో చిన్న ఆస్టిన్ సెవెన్ కారుకి ఏడాదికి 8 పౌన్ల పన్నయితే, మూడు చక్రాల మోర్గాన్‌కి 4 పౌన్లే.

రోజులు మారి నాలుగు చక్రాల కార్లు చవకయ్యాయి. 1952లో కంపెనీ మూడు చక్రాల బండి మానేసింది. మళ్లీ 2011లోగానీ మొదలెట్టలేదు. మధ్యలో దాదాపు అరవై ఏళ్లు! అన్నాళ్లూ ఆ పాత బండ్లు తుప్పుపట్టి పోలేదంటే, పందేల పెద్దల దయవల్ల కాదు. 1945లో పుట్టిన మోర్గాన్ త్రీ వీలర్ క్లబ్బు, అది అచ్చేసుకునే ‘బులెటిన్’ అనే చిన్న పత్రిక, వాటి చుట్టూ చేరిన మనుషులు ఆ బండ్లని బతికించారు. గొలుసు తెగితే ఏం చెయ్యాలి, ఫలానా భాగం ఎవరి దగ్గరుంది, ఇంజను మొరాయిస్తే ఎక్కడ చూడాలి, ఇవీ అలాంటివాళ్ల కబుర్లు. బయటివాడికి చాదస్తం. ఆ బండి ఉన్నవాడికి ప్రాణం.

అందుకే ఇప్పుడు ఏ పాఠకురాలైనా, “మీ ఫలానా నవల ప్రతి పోయిందండీ, ఎక్కడ దొరుకుతుంది?” అని రాస్తే ఆ రోజే జవాబు రాస్తాను. సభలో లెక్కల సంగతంటారా, ఆ పెద్దమనిషినే చూసుకోమనండి.