జానెడు కారు

శేషాచలము పాదమున నున్న అలిపిరికి తెల్లవారకమునుపే బండ్లు చేరును. బస్సులు, జీపులు, టాక్సీలు, సొంత కార్లు తనిఖీకై బారులు తీరి నిలుచును. కాలినడకన పోవువారు మెట్లదారి పట్టగా, తక్కినవారు ఘాట్ రోడ్డున కొండ నెక్కుదురు. 1944లో తొలి ఘాట్ రోడ్డు తెరచినపుడు రాకపోకలు రెండును దానిమీదనే సాగెను. 1970 తరువాతి యేండ్లలో రెండవ దారి ఏర్పడిన పిమ్మట పాతది దిగువారికి, క్రొత్తది ఎక్కువారికి అయినది. ఒకప్పుడు ఈ బారులలో అంబాసిడరు కానరాని దినము లేదు. బ్రిటిషు వారి మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, వంగదేశమున ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సు వారు 1958లో దీనిని వెలువరించిరి. 2014లో దాని తయారీ నిలిచిపోయెను. నేడు ఎనిమిదవ తరగతి చదువు పిల్లలలో దాని వెనుకసీటులో కూర్చున్నవారు బహు కొలదిమంది యుందురు.

అట్టి అంబాసిడరును జానెడు చేసి తన బల్లమీద నిలుపవలెనని అలిపిరి బాలుడొకడు సంకల్పించెననుకొనుడు. అతని మొదటి పని కత్తి పట్టుట కాదు, కొలత పట్టుట. అసలు కారు పొడవు 4 మీటర్ల 32 సెంటీమీటర్లు. దానిని 24 చేత భాగించిన 18 సెంటీమీటర్లగును. నమూనాలు చేయువారు కార్లకు ఈ ఇరువదినాలుగవ వంతును తరచుగా వాడుదురు. అడుగు పొడవును అరయంగుళముగా తగ్గించిన వచ్చు లెక్క యిది. పొడవు నొక్కదానిని తగ్గించిన చాలదు. చక్రము, తలుపుపిడి, దీపము, అద్దపు అంచు, అన్నియు ఆ ఒక్క లెక్కకే లోబడవలెను. నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పినచో అసలు బండిలో ఇంచుమించు అంగుళము తప్పినట్లు. దీపము పెద్దదైన ఆ కారు గ్రుడ్లు మిటకరించినట్లుండును. చక్రము చిన్నదైన కుంటినట్లుండును. చూచువానికి కారణము తెలియకపోవచ్చును గాని కన్ను మాత్రము ఒప్పుకొనదు.

బాలుడు టేపు చేతబట్టి, ఏ చెట్టునీడనో విశ్రమించిన పాత టాక్సీ చుట్టును తిరుగును. ముసలి డ్రైవరు నవ్వి, "ఏమప్పా, నా బండికి చొక్కా కుట్టిస్తావా?" అనును. "లేదు తాతా, దీనికి తమ్ముణ్ణి చేస్తున్నాను" అని వీడు బదులు చెప్పును. ఆ మాటతో ఇద్దరికి చెలిమి కలియును. పాత బండ్లలో గేరుకడ్డీ నేలమీద కాక స్టీరింగు ప్రక్కనే యుండెడిదని, ముందుసీటు ఒకే పొడవైన బల్లవలె నుండెడిదని ఆ తాత చెప్పును. ఇట్టి సంగతులు కొన్ని చిత్రపటములలో దొరకును. కొన్ని ఆ తాతవంటి వారి జ్ఞాపకమందే యున్నవి.

ఇక ప్లాస్టికు నమూనాల పుట్టుక వినదగినది. 1949లో ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్సు సంస్థ ఫెర్గ్యూసన్ ట్రాక్టరు నమూనాను తయారుచేసెను. ట్రాక్టర్ల నమ్ము ప్రతినిధులకు ఇచ్చుటకై దాని భాగములను చేతితో కూర్చెడివారు. ఖర్చు తగ్గించి అమ్మకము పెంచుటకు, కూర్పకయే విడిభాగములుగా అమ్మిరి. కర్మాగారము తనకు బరువని దించుకొన్న పనిని పిల్లలు పండుగ చేసికొనిరి! 1952లో డ్రేకు అను నావికుని ఓడ నమూనా రెండు షిల్లింగులకు వూల్‌వర్త్ దుకాణములలో అమ్ముడుపోయెను. ఆ దశకము ముగియకమునుపే అమెరికాలో కార్ల నమూనాలు పెట్టెలలో వచ్చి బాలుర బల్లల నాక్రమించెను.

ఈ పెట్టెలోని సరుకు పాలీస్టైరీను అను ప్లాస్టికు. దానిని కరగించి, గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి నెట్టుదురు. చల్లారిన పిమ్మట భాగములన్నియు కొమ్మకు కాయలవలె ఒక చట్రమునకు అంటి వెలువడును. వానిని త్రుంచరాదు, కత్తిరింపవలెను. అచ్చునుండి సులభముగ ఊడుటకు పూసిన జిడ్డు ఏమైన మిగిలినచో రంగు అంటదు గనుక, ముందుగా సబ్బునీటితో కడుగవలెను. దీని జిగురును చూచిన అచ్చెరువు గలుగును. అది బంకవలె నడుమ నిలిచి అతుకునది కాదు. రెండంచులను కొంచెము కరగించి, ఒకదానిలో ఒకటి కలిపి, తాను ఆవిరియై పోవును. కావున కిటికీ తెరచి పని చేయవలెను. అద్దముల దగ్గర మాత్రము చేయి నిలుపుకొనవలెను. త్వరపడి క్షణములో అతుకు జిగురు వాడినచో దాని ఆవిరి తగిలి అద్దము పాలవలె మసకబారును.

కోరిన కారు పెట్టెలో దొరకనియెడల ప్లాస్టికు రేకును తెచ్చి, కత్తితో గీటుపెట్టి విరిచి, కొలతప్రకారము పలకలు కూర్చుకొనవలెను. అంబాసిడరు గుండ్రని భుజములను అట్లు తెచ్చుట కష్టము. చెక్కతో అచ్చు చెక్కి, వేడిచేసిన రేకును దానిపై వంచవలెను.

చెక్క అనగానే తెలుగుదేశపు బొమ్మలవారు గుర్తుకువత్తురు. తిరుపతి రక్తచందనపు జంటబొమ్మలు ఎన్నో ఇండ్ల బొమ్మలకొలువులలో నిలిచినవి. కొండపల్లి వారైతే తెల్లపొణికి కఱ్ఱతో అంగములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపైన రంగులు వేయుదురు. భాగములు, అతుకు, పూడిక, పూత, రంగు: ప్లాస్టికు కారు చేయువాని వరుస కూడ ఇదియే! అయితే కొండపల్లి పనివాడు పొణికి కఱ్ఱలో లేని ఏనుగును చూడగలడు. పెట్టె తెరచినవానికి కారు సగము చూపబడియే యున్నది. ఆ భేదమును మరువరాదు. మిగిలిన సగము మాత్రము ఇద్దరికిని సమానము.

ఆ మిగిలిన సగమే మెరుగుపని. రంగు వేసిన తప్పులు కప్పబడునని క్రొత్తవాడు తలచును. జరుగునది దానికి విరుద్ధము. మెరయు రంగు అద్దము వంటిది. దాని క్రింది సన్నని గీతయు వెలుగుపడగానే బయటపడును. తిరుపతిలో కార్లకు టింకరింగు చేయు షెడ్డున ఒక పూట నిలిచిన ఈ సంగతి బోధపడును. సొట్ట తీసి, లప్పము పెట్టి, ఎండిన పిమ్మట నీటితో ఉప్పుకాగితము రుద్దుదురు. కంటితో చూచినది చాలక వ్రేలికొనలతో తడిమి చూతురు. నమూనాకును అంతియే. అచ్చు అతికిన గీతను 400 నంబరు కాగితముతో మొదలుపెట్టి, క్రమముగా మెత్తని కాగితములతో రుద్దవలెను. ఆపై బూడిదరంగు ప్రైమరు పూయగానే దాగిన గుంటలు పలుకరించును. మరల లప్పము, మరల రుద్దుట. మూడు సాయంకాలములు పోయినను చూపుటకేమియు నుండదు. ఎక్కువ మంది ఓపిక ఇక్కడనే తెగును.

రంగు ఒక్కసారిగా దట్టముగ పూసిన అంచుల కారి, తలుపుల గీతలు పూడిపోవును. పలుచగా, పొరపై పొర పూయవలెను. తిరుపతి వాతావరణము ఇక్కడ తన పాత్ర వహించును. మే నెల మధ్యాహ్నమున తుంపర బండిని చేరకమునుపే ఎండి, పైన ఇసుక చల్లినట్లగును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానల తేమలో కొన్ని రంగులు తెల్లని మంచు పట్టినట్లు మసకలు వారును. వేసవి ఉదయము, వానలేని సాయంకాలము మేలు.

తుదకు తెల్లని అంబాసిడరు తళతళలాడుచు నిలుచును. కొందరు కర్మాగారపు మెరుగే ఉత్తమమని అంతటితో ఆపుదురు. కాని కొండదారిన తిరిగిన బండికి దుమ్ము లేకుండుట అబద్ధము. చక్రముల పైకప్పుల లోపల పలుచని ఎఱ్ఱమట్టి రంగు, వెనుక గొట్టముకడ కొంచెము మసి చేర్చినచో అది దుకాణపు బొమ్మ కాక ఆ తాత టాక్సీ యగును.

ఇంకొక్క పని మిగిలినది. కొండదారి పట్టుటకు ముందు బండికి పసుపుకుంకుమలు పెట్టి, చక్రములక్రింద నిమ్మకాయ లుంచువారు కలరు. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయను 24 చేత భాగించిన రెండు మిల్లీమీటర్లకు లోపలనే యుండును. బాలుడు వంటింటికి పోయి, పోపులపెట్టె తెరచి, నాలుగు ఆవగింజలు ఏరుకొని వచ్చి, సూదిమొనకు గ్రుచ్చి ఒక్కొక్కదానికి పసుపురంగు పూయుచున్నాడు.