మండలి రెండుసార్లు

అల్మాస్‌గూడలో మా వీధి చివరి ఫ్లెక్సీ షాపు కంప్యూటర్‌లో, ఫాంట్ల లిస్టులో 'మండలి' రెండుసార్లు కనిపించింది. రెండోది పెడితే వరసల మధ్య ఖాళీ మారిపోతోంది.

సిలికానాంధ్ర ఉచితంగా వదిలిన తెలుగు ఫాంట్లలో ఇదొకటి. ఎన్‌టీఆర్, గిడుగు, సురవరం కూడా వాటిలోవే. ఇవి గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి, డెబియన్ లినక్స్‌లో 'ఫాంట్స్-తెలుగువిజయం' ప్యాకేజీలోనూ ఉన్నాయి. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోటికి దానంతటదే చేరదు.

అలాగని పేరు ఒకటే కదా అని ఏదో ఒకటి డిలీట్ చేశారో, పాత ఫ్లెక్సీ ఫైళ్లన్నీ చెదిరిపోతాయి. ముందు రెండు ఫైళ్లకూ ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) తీసి చూడాలి. రెండూ అచ్చంగా కలిస్తే ఒకటి ఉంచి, రెండోచోట లింకు పెడితే సరి. కలవకపోతేనే అసలు పని. ఫాంటు లోపలి వెర్షన్ నంబరు చూడాలి, ఎవరేం మార్చారో వెతకాలి, పనికొచ్చే మార్పును మూలానికి పంపాలి. ఆ ఓపిక ఎవరికుంది? గిట్‌హబ్‌లో ఇంకో కాపీ పెట్టేసుకోవడం తేలిక.

మార్చిన కాపీ అదే పేరుతో తిరగకుండా ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఓ కట్టడి ఉంది. తయారుచేసినవాళ్లు పేరును రిజర్వ్ చేసుకుంటే, మార్చినవాళ్లు కొత్త పేరు పెట్టుకోవాల్సిందే. రిజర్వ్ చేయని వాటికీ అదే మర్యాద పాటిస్తే బాగుండు. పోనీ, కనీసం వెర్షన్ నంబరైనా మార్చండి బాబూ!