ఈ ఏటి మల్లెలు

మా పెరట్లో బొండుమల్లె ఈసారి పూస్తుందని నేను అనుకోలేదు.

దాని పనంతా మామయ్యగారిదే. సంక్రాంతి వెళ్ళగానే నీళ్ళు ఆపేసేవారు. తర్వాత ఆకంతా దూసేసి, కొమ్మలు కత్తిరించి, మొదట్లో మట్టి గుల్ల చేసి పశువుల ఎరువు వేసేవారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ మోడుని చూసి, "అయ్యో, చెట్టుని చంపేశారే!" అన్నాను. అత్తయ్యగారు నవ్వి ఊరుకున్నారు. చైత్రం వచ్చేసరికి అదే మోడు పళ్ళెం నిండా మొగ్గలిచ్చింది. మల్లె కొత్త చిగుళ్ళకే పూస్తుందని, అందుకే ఇదంతా అని అప్పుడు చెప్పారాయన.

మొన్న కార్తీకంలో ఆయన వెళ్ళిపోయారు. ఇంట్లో పండగ లేదు, చెట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తొచ్చేసరికి మాఘమాసం. కత్తెరైతే పట్టుకున్నాను గానీ ఎంత ఎత్తులో కొయ్యాలో తెలిస్తేగా! పదహారేళ్ళు పెరట్లోకి కాఫీ గ్లాసు అందించి వచ్చేశానే తప్ప, ఒక్కరోజు నిలబడి చూడలేదు. ధైర్యం చేసి మోకాలి ఎత్తున కోసేశాను.

శివరాత్రి వెళ్ళినా చిగురు లేదు. ఉగాదికి నాలుగాకులు. అత్తయ్యగారు అసలు పెరటి గుమ్మం దాటడమే మానేశారు.

వైశాఖంలో ఒక సాయంత్రం చూద్దును కదా, మొగ్గలు! లెక్కపెట్టి మరీ కోశాను, ఇరవైమూడు. ఆవిడ ఎదురుగా కూర్చుని మాల కట్టడానికి మనసొప్పక వంటింట్లో ఓ మూల కూర్చున్నాను.

"దీపం కూడా వెయ్యకుండా ఏం చేస్తున్నావే అమ్మాయ్?" అంటూ వచ్చారు. చూసి, దారం నా చేతిలోంచి లాక్కున్నారు. "ఈ ముడి వదులు. తెల్లారేసరికి రాలిపోతాయి" అని తనే కట్టి నా జడలో పెట్టారు. నేనో ముక్క తుంచి ఆవిడ ముడి దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. తల పక్కకి తిప్పేసుకున్నారు. పూలు పుట్టింటి నుంచి వచ్చినవే కదా, మధ్యలో వచ్చినవి కావే అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. అనాల్సింది.

ఆ తుంచిన ముక్కలోని నాలుగు పూలూ ఆవిడే తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండలో వేశారు. పొద్దున్న కుండ మూత తీసి ఓ గ్లాసుడు నీళ్ళు నిదానంగా తాగి, పెరట్లోకి నడిచారు. చెట్టు చుట్టూ తిరిగి వచ్చి అన్నారు:

"మరీ పైకి కోశావు. వచ్చే ఏడు ఇంకో జానెడు కిందికి కొయ్యి. నేనుంటాలే పక్కన."