గుర్రం పేరు సెక్రటేరియట్

'సెక్రటేరియట్' అనే సినిమా ఒకటుందని మా గదిలో ఒకరు చెప్పినప్పుడు మేమంతా నవ్వాం. గ్రూప్స్‌కు చదివేవాళ్లున్న హాస్టల్‌లో ఆ మాటకు ఒక్కటే అర్థం. తీరా చూస్తే అది ఒక గుర్రం పేరు! 2010లో డిస్నీ వారు తీసిన ఆ సినిమాను ఒక ఆదివారం రాత్రి, మెస్ మూసేశాక, ఎనిమిది మందిమి ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ చేరి చూశాం. అప్పటిదాకా మలక్‌పేట రేస్‌కోర్సు గోడను బస్సులోంచి చూశామే గానీ పందెపు గుర్రాన్ని చూసింది లేదు. ఆ గుర్రం యజమానురాలు పెన్నీ చెనరీ గురించి తర్వాత వెతికి వెతికి చదివాం. చదివినదీ, వాదించుకున్నదీ ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

పెన్నీ 1922లో పుట్టారు. అమెరికాలోని వర్జీనియాలో వారి పూర్వీకుల చేజారిన భూమిని తండ్రి క్రిస్టఫర్ చెనరీ 1936లో తిరిగి కొని, అక్కడ థరోబ్రెడ్ జాతి గుర్రాలను పెంచారు. ఆ క్షేత్రం పేరు 'ది మెడో'. పెన్నీ కొలంబియా యూనివర్సిటీలో బిజినెస్ చదువుతూ పెళ్లి కోసం మధ్యలో మానేశారు. కొలరాడోలో నలుగురు పిల్లల తల్లిగా స్థిరపడ్డారు. 1967లో తల్లి చనిపోయారు. తండ్రి మతి తప్పి మంచాన పడ్డారు. గుర్రపుశాల నష్టాల్లో ఉంది. అమ్మేద్దామన్నారు తోబుట్టువులు. నేను నడుపుతానన్నారు పెన్నీ.

1969లో ఆగ్డెన్ ఫిప్స్ అనే మరో యజమానితో, పుట్టే పిల్లల్లో ఎవరికి ఏదన్నది బొమ్మా బొరుసా వేసి తేల్చుకున్నారు. పెన్నీ ఓడిపోయారు. అందువల్ల ఇంకా తల్లి కడుపులో ఉన్న పిల్ల ఆమె వాటాకు వచ్చింది. 1970 మార్చి 30న పుట్టిన ఆ పిల్లే సెక్రటేరియట్. నానాజాతి సమితి సచివాలయం ఉన్న జెనీవాలో పనిచేసి వచ్చిన ఎలిజబెత్ హామ్ అనే కార్యదర్శి దానికి ఆ పేరు సూచించారు.

1973 జనవరిలో తండ్రి చనిపోయారు. వారసత్వపు పన్ను కట్టాలి. పెన్నీ ఆ గుర్రం సంతాన హక్కులను 32 వాటాలు చేసి, వాటా 1,90,000 డాలర్ల చొప్పున అమ్మించారు. ఆ ఏడాదే అది కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలిచింది. పాతికేళ్లుగా ఏ గుర్రానికీ సాధ్యం కానిది అది. బెల్మాంట్‌లో రెండో గుర్రం 31 గుర్రాల పొడవు వెనకబడింది. ఆ 2 నిమిషాల 24 సెకన్ల రికార్డును ఇంతవరకు ఏదీ చెరపలేదు.

సినిమా అయ్యాక అందరం చప్పట్లు కొట్టాం, ఒక్కరు తప్ప. "డబ్బున్నవాళ్ల గుర్రాల కథ మనకెందుకు? మా అమ్మ ముప్పై ఏళ్లు బర్రెలను సాకింది. ఆమె మీద సినిమా ఎవరు తీశారు?" అన్నారు ఆ ఒక్కరు. మాకెవరికీ జవాబు తోచలేదు.

ఆ మాటతోనే మేం ఎడ్డీ స్వెట్ దగ్గరికి వెళ్లాం. సెక్రటేరియట్‌ను కడిగి, మేపి, కాళ్లకు కట్లు కట్టి, దాని పక్కనే ఉన్న సైసు ఆయన. దక్షిణ కరోలినాలో ఒక నల్లజాతి కౌలు కుటుంబంలో పుట్టారు. గుర్రాన్ని పందేలు మాన్పించి కెంటకీకి పంపినప్పుడు కూడా వెంట వెళ్లి అప్పగించి వచ్చారు. మా తాతల్లో జీతానికుండి దొరల ఎడ్లను కన్నబిడ్డల్లా చూసినవాళ్లున్నారు. ఆ ఎడ్లు ఎప్పుడూ వాళ్లవి కాలేదు. స్వెట్ ఎవరో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అలాగని పెన్నీ ప్రేమ తక్కువదని అనలేం. ఇంటికీ గుర్రాలకూ మధ్య ఆమె నలిగారు. 1974లో వివాహబంధం తెగిపోయింది. 1970ల చివర్లో ఆ పొలమూ అమ్ముడుపోయింది. అయినా 2017లో 95వ ఏట కన్నుమూసేదాకా ఆ గుర్రం పేరు మోస్తూనే ఉన్నారు. 1983లో అక్కడి జాకీ క్లబ్ తొలిసారి స్త్రీలను సభ్యులుగా తీసుకున్నప్పుడు ఆ ముగ్గురిలో ఆమె ఒకరు. ఆమెకూ మా అమ్మలకూ ప్రేమలో తేడా లేదు. లెక్కల పుస్తకంలో ఉంది. ఆమె ప్రేమించిన దాని లెక్క ఆమె చేతిలో ఉంది. మా అమ్మల లెక్క షావుకారు చేతిలో ఉంది.

సంక్రాంతి సెలవుల్లో మేం ఒక పని పెట్టుకున్నాం. తలా ఒక నోటుబుక్కు తీసుకెళ్లి, సాకిన పశువుల గురించి అమ్మల్ని అడిగి రాసుకున్నాం. ఆ రాత్రి ప్రశ్న వేసిన మిత్రుల అమ్మకు ప్రతి బర్రె పేరూ, ఈనిన నెలా, అమ్మిన ధరా నోటికి వచ్చు. చివరి దాని దగ్గర ఆగి, "గౌరిని ఎందుకు అమ్మినమో నీకు తెల్వదా బిడ్డా? నువ్వు పి.జి.లో చేరిన ఏడు గదా" అన్నదట.

ఆ నోటుబుక్కు ఇప్పుడు మా గదిలో గ్రూప్స్ పుస్తకాల పక్కనే ఉంది. జూనియర్ మిత్రులారా, ఈసారి సెలవులకు వెళ్లేటప్పుడు మీరూ ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. మన అమ్మల మీద సినిమా తీస్తారో లేదో గానీ, లెక్క రాయడం మనకు వచ్చు.