పంపకాలకు రాని విత్తనం

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి విత్తనం మగదిగానే పరిచయమవుతుంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ణి బీజమనీ చెప్పింది. ఈ పోలిక వెనకున్న ఆస్తి లెక్కని లీలా దూబే 1986లో 'సీడ్ అండ్ ఎర్త్' వ్యాసంలో విప్పి చూపించారు. విత్తినవాడిదే పంట, కాబట్టి బిడ్డా అతనిదే. నేల మాత్రం మోయాలి. కొడుకు పుట్టగానే మనం వాడే 'వంశాంకురం' అన్న మాటలోనూ ఈ లెక్కే ఉంది.

మా అత్తమ్మ ఇంట్లో మాత్రం విత్తనం ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. చేవెళ్ళ దగ్గర పల్లె వాళ్ళది. బీర, సొర గింజల్ని పేడ పిడకల్లో గుచ్చి గోడకి కొట్టేది. టమాట గింజల్ని బూడిదలో కలిపి, పాత చీర ముక్కలో మూటగట్టి దూలానికి వేలాడదీసేది. ఏ కాయ తినాలో, ఏ కాయ ఉంచాలో ఆమే చెప్పేది. "మొదటి కాపు తినాలె బిడ్డా, నడిమి కాపు ఇత్తునానికి ఇడువాలె. ఆఖరు కాయ వద్దు, అప్పటికి చెట్టు అలిసిపోతది" అనేది. తెగులు సోకిన చెట్టుకి ఎంత ఎర్రటి కాయ కాసినా దాని గింజ ముట్టుకునేది కాదు. ఈ పనే విశ్వవిద్యాలయంలో చేస్తే దాన్ని 'వరణం' అంటారు, దాని మీద డాక్టరేట్లు ఇస్తారు. మా అత్తమ్మ వృత్తి మాత్రం ఏ కాగితంలో చూసినా 'ఇంటిపని'.

ఆమె పోయాక పంపకాలు జరిగాయి. భూమి కొడుకులకి, కమ్మలూ కడియాలూ బిడ్డలకి పోయాయి. ఇత్తడి బిందెల దాకా లెక్క రాశారు. దూలానికున్న మూటని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను అడిగితే మా మరిది నవ్వి, "ఇవేం జేసుకుంటవు వదినా?" అన్నాడు.

టమాట గింజ మూడు నాలుగేళ్ళు బాగా నిలుస్తుంది. ఆ తర్వాత ఏటికేడు మొలకశక్తి తగ్గిపోతుంది. అంటే ఆ మూటకి గడువు ఉంది. ఎవరో ఒకరు విత్తకపోతే, ఇన్నేళ్ళు ఆమె ఏరుతూ వచ్చినదంతా ఆమెతోనే ముగిసిపోతుంది. హైదరాబాదులో మా అద్దె ఇంటి మేడ మీద, చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాల్లో, మట్టీ పశువుల ఎరువూ కలిపి నలభై గింజలు వేశాను. ఎనిమిదో రోజుకి మొలకలు కనిపించాయి. మొత్తం పదకొండు. నాలుగైదు ఆకులొచ్చాక కాండం సగం దాకా లోపలికి దించి పెయింటు బకెట్లలో నాటాను. టమాట కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. కాయలు చిన్నవి, గాళ్ళు గాళ్ళుగా ఉంటాయి, పులుపు ఎక్కువ. చారుకి రెండు చాలు.

నడిమి కాపులో బాగా మగ్గిన పండ్లని పిసికి, గింజల్ని వాటి రసంలోనే రెండు మూడు రోజులు పులియనిచ్చాను. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకని ఆపుతుంది, పులిస్తే అది వదిలిపోతుంది. మంచి గింజ అడుక్కి చేరుతుంది, తాలు గింజ తేలుతుంది. అడుగువి కడిగి నీడన ఆరబెట్టాను.

పక్క బకెట్లో దుకాణం పొట్లంలోని హైబ్రిడ్ కూడా పెట్టాను. మొక్కలన్నీ ఒక్క తీరుగా పెరిగాయి, విరగ్గాశాయి. వాటి గింజ తీసి మరుసటేడు వేస్తే ఒకటి గుండ్రం, ఒకటి కోల, ఒకటి అసలు కాపే లేదు. ఎఫ్-1 హైబ్రిడ్ స్వభావమే అంత. రెండో తరంలో తల్లిదండ్రుల గుణాలు విడివిడిగా బయటపడతాయి. అందుకని రైతు ప్రతి ఏడూ దుకాణానికి వెళ్ళాల్సిందే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం విత్తనం దాచుకునే, మళ్ళీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకి ఇచ్చింది. కానీ దాచినా దక్కని విత్తనం మీద ఆ హక్కు ఏం చేస్తుంది?

ఇంతకీ ఆ పొట్లంలోని విత్తనాన్ని తయారుచేసింది ఎవరు? టమాట పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది. హైబ్రిడ్ కావాలంటే, విచ్చుకోకముందే మొగ్గని తెరిచి కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు వేరే రకం పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. గుర్తుకోసం రక్షక పత్రాలు కొద్దిగా తుంచాలి. ఒక్కో పువ్వుకీ ఇదంతా చేత్తోనే. కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతపు విత్తన క్షేత్రాల్లో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. మన గద్వాల పత్తి చేలల్లో దీన్ని 'క్రాసింగ్' అంటారు. బడి మాన్పించిన ఆడపిల్లల వేళ్ళతో ఆ పని ఏళ్ళ తరబడి నడిచింది. పొట్లం మీద మాత్రం కంపెనీ పేరుంటుంది. పెరటి విత్తనంలోనూ పొట్లం విత్తనంలోనూ శ్రమ ఆడవాళ్ళదే. తేడా ఒక్కటే, మా అత్తమ్మకి ఏది ఉంచాలో నిర్ణయించే అధికారం ఉండేది. క్రాసింగ్ కూలీకి అది లేదు.

పాతదంతా బంగారమని నా వాదన కాదు. టమాటే మనది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మా అత్తమ్మకీ ఎవరో ఒకామె పిడికెడు గింజలు ఇచ్చే ఉంటుంది. అప్పు తీర్చాల్సిన రైతుకి దిగుబడీ, తెగుళ్ళని తట్టుకునే శక్తీ ముఖ్యం. నా ఆరు బకెట్లు వాళ్ళకి సమాధానం కావు. అయితే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు తృణధాన్యాల విత్తనాల్ని దశాబ్దాలుగా దాచి, పంచి, నిలబెట్టుకుంటూ వచ్చారు. వాళ్ళ కృషికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. విత్తనాన్ని ఉమ్మడిగా పట్టుకుంటే అది పెరటిని దాటగలదని వాళ్ళు చేసి చూపించారు.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏ గింజ, ఏ ఏడు, ఎన్ని మొలిచాయి అన్న గడుల పక్కన 'ఎవరి దగ్గర్నుంచి' అని ఇంకో గడి గీశాను. అత్తమ్మ పేరు మొదటి వరసలో ఉంది. మా ఆడబిడ్డా, ఇద్దరు సహోద్యోగులూ గింజలు పట్టుకెళ్ళారు. వాళ్ళ పుస్తకాల్లో ఆ గడిలో నా పేరూ, దాని పైన ఆమె పేరూ రాసుకోమన్నాను. మీ ఇళ్ళల్లో ఏ గింజ ఎవరు దాచారో, వాళ్ళుండగానే అడిగి రాసిపెట్టండి.