జేబులో కార్డులు, గోడ మీద తారు

హౌరాలో రైలెక్కితే మూడు గంటలకు అటూ ఇటూగా బోల్‌పూర్. స్టేషన్ బయట టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, బారులు తీరి ఉంటాయి. ఎక్కడికని అడక్కుండానే రవీంద్రుడి ఇళ్లున్న ఉత్తరాయణ్ పేరు, సోనాఝురి సంత పేరు చెప్పేస్తారు. కళాభవన్ దగ్గర దింపమంటే మా టోటో అబ్బాయి వెనక్కి తిరిగి ఓసారి చూశాడు. అక్కడ బేరాలాడ్డానికి ఏమీ ఉండదని వాడి బాధ కాబోలు.

బోల్‌పూర్ పక్కనే ఉన్న శాంతినికేతన్‌లో కళాభవన్ అనే ఈ చిత్రకళా పాఠశాల 1919లో మొదలైంది. దానికి ఇప్పుడున్న రూపురేఖలు, నడవడి చాలావరకు నందలాల్ బోస్ చలవే. 1882లో బీహార్‌లోని ముంగేర్ జిల్లా ఖరగ్‌పూర్‌లో పుట్టిన ఈ మనిషి 1920ల మొదట్లో ఇక్కడి బాధ్యత తీసుకుని 1951 దాకా మోశాడు. విద్యార్థులకు ఆయన 'మాస్టర్‌మొశాయ్'. మిగతా అధ్యాపకులంతా పేరు చివర 'దా' తగిలించుకున్న అన్నయ్యలే. శిల్పి రామ్‌కింకర్ బైజ్ ఇప్పటికీ ఇక్కడివాళ్ల నోట కింకర్‌దా.

మన రాజ్యాంగం అసలు ప్రతికి బొమ్మలు తీర్చిన బృందానికి పెద్దగా నందలాల్ పేరు అందరికీ తెలుసు. 1930లో దండి యాత్రకు బయల్దేరిన గాంధీ బొమ్మ, చేతికర్రతో నలుపు తెలుపుల్లో ఉన్న ఆ లినోకట్ అచ్చుబొమ్మ, పాఠ్యపుస్తకాల పుణ్యమా అని చూడనివాళ్లుండరు. కానీ ఆయన్ని దగ్గరగా తెలుసుకోవాలంటే పోస్టుకార్డుల దగ్గరికి వెళ్లాలి.

ఎక్కడికెళ్లినా జేబులో ఖాళీ కార్డులుండేవట. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని రాజగీర్ కొండలకో, గోపాల్‌పూర్ సముద్రానికో వెళ్తే అక్కడా అదే పని. కనబడిందల్లా బొమ్మే: మేక, గాడిద, తాటిచెట్టు, నెత్తిన బుట్టతో నడిచే సంతాలు స్త్రీ, వల లాగే జాలరి, ఎండకు సోలిన కుక్క. ఒకవైపు బొమ్మ, రెండోవైపు చిరునామా, నాలుగు ముక్కల క్షేమసమాచారం. తపాలా పెట్టెలో పడేస్తే ఏ శిష్యుడి ఇంటికో చేరేది. ఇలా గీసినవి వేలల్లో ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ ఆధునిక చిత్రకళా సంగ్రహాలయంలో ఆయన రచనలు దాదాపు 7000 ఉన్నాయంటే, అందులో ఈ చిన్న కాగితాల వాటా తక్కువేం కాదు. కళాభవన్‌లోని నందన్ మ్యూజియంలోనూ కొన్ని ఉన్నాయి. కాగితం వెలుతురుకు పాడవుతుంది కనుక ఇలాంటివి అన్నీ ఒక్కసారే బయటపెట్టరు. మిగతావి అచ్చుపుస్తకాల్లో చూసుకోవలసిందే.

వాటిని చూస్తూ కూర్చుంటే టైము తెలీదు. మేకనే తీసుకోండి. సిరాలో ముంచిన కుంచె ఒక్కసారి వీపు మీదుగా జారుతుంది, అక్కడితో మేక సగం వచ్చేసినట్టే. కాళ్లకు కుంచె మొన చాలు. కడుపు గీయడు, కాగితం ఖాళీగా వదిలేస్తాడు, మన కన్నే దాన్ని పూరించుకుంటుంది. నేలకు అడ్డంగా ఒక చిన్న మరక. అది నీడ. దిద్దుబాటు ఉండదు, తడిసిన కార్డు మీద దిద్దే వీలూ లేదు. పెద్ద కుడ్యచిత్రాల్లో పదిమంది విద్యార్థులతో కలిసి పనిచేసే నందలాల్ వేరు, కార్డు మీద ఒంటరిగా ఆడుకునే నందలాల్ వేరు. నన్నడిగితే రెండోవాడే గొప్ప చిత్రకారుడు.

ఈ ఆట ఊరికే పోలేదు. 1930లో రవీంద్రుడు పసిపిల్లల కోసం రాసిన 'సహజ్ పాఠ్' వాచకానికి నలుపు తెలుపు బొమ్మలు చెక్కింది ఈ చెయ్యే. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభకు పల్లెజనం చూసి ఆనందించేలా బొమ్మలు కావాలని గాంధీ అడిగితే, 80కి పైగా పోస్టర్లు గీసిందీ ఈ చెయ్యే. డోలు వాయించేవాడు, వడ్రంగి, వంటామె, ఎద్దుతో పెనుగులాడేవాడు. అన్నీ రోడ్డు మీద ఎప్పుడో కార్డుకెక్కినవాళ్లే అనిపిస్తుంది. రంగులు కూడా మట్టి రంగులే.

కళాభవన్ ఆవరణలో అందరి కాళ్లూ ఆగేచోటు 'కాలో బారి', అంటే నల్ల ఇల్లు. 1930ల మధ్యలో కట్టిన విద్యార్థి వసతిగృహం ఇది. మట్టి గోడలు, వాటి మీద తారు పూత. వానకు మట్టి కరక్కుండా తారు పూయాలనుకున్నవాళ్లు అక్కడితో ఊరుకోకుండా గోడల నిండా ఉబ్బెత్తు బొమ్మలు తీర్చారు. సింధు నాగరికత మొదలు ఈజిప్టు దాకా ఎక్కడెక్కడి పాత శిల్పాలో ఈ బీర్భూమ్ జిల్లా గోడ మీద పక్కపక్కన నిలబడ్డాయి. నందలాల్, రామ్‌కింకర్, వాళ్ల విద్యార్థులు కలిసి చేశారు. దగ్గరికెళ్లి చూస్తే మట్టిని వేళ్లతో నొక్కిన గుంటలు తారు కింద ఇంకా తెలుస్తాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఎద్దు మూపురం, ఏనుగు చెవి గోడలోంచి బయటికొస్తాయి. మధ్యాహ్నానికి మళ్లీ గోడలో కలిసిపోతాయి. మేం వెళ్లినప్పుడు అరుగు మీద ఒక అమ్మాయి, ఎదురుగా పడుకున్న కుక్కను గీస్తోంది. కుక్క లేచి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా అదే కాగితం మీద ఖాళీ అరుగు గీయడం మొదలుపెట్టింది.

నాలుగడుగులు వేస్తే రామ్‌కింకర్ 'సంతాలు కుటుంబం'. 1938 నాటిది. కంచు పోతకు డబ్బెక్కడిది? ఇనుప చట్రం కట్టి, సిమెంటులో ఎర్రటి గులకరాళ్లు కలిపి విసిరి విసిరి అతికించాడు. తండ్రి భుజాన కావడి, ఒక బుట్టలో బిడ్డ, పక్కన తల్లి, వెంట కుక్క. పొట్ట చేతపట్టుకుని పోతున్న కుటుంబం. కుక్కను మాత్రం మరిచిపోలేదు చూడండి.

మరి రవీంద్రుడు? ఆయన బొమ్మల్లోకి దిగింది కొట్టివేతల మీదుగా. 1924లో 'పూరబి' కవితల రాతప్రతిలో నచ్చని మాటలు కొట్టేస్తూ ఆ గీతల్ని ఒకదానికొకటి కలిపితే ముక్కులున్న పక్షులు, పేరులేని జంతువులు పుట్టుకొచ్చాయి. తర్వాత ఆ పిచ్చి ముదిరి 2000కి పైగా బొమ్మలు వేశాడు. మొదటి ప్రదర్శన 1930లో, అదీ పారిస్‌లో! రవీంద్రుడు పోయాక ఇక్కడి విశ్వభారతి విశ్వవిద్యాలయానికి పెద్దరికం వహించిన చిత్రకారుడు అవనీంద్రనాథ్ ముసలితనంలో రంగులు పక్కనబెట్టి ఎండుకొమ్మలు, వేళ్లు, వెదురుముక్కలు ఏరుకొచ్చి వాటిలో కొంగనో ఒంటెనో వెతుక్కునేవాడు. 'కుటుమ్ కాటామ్' అని పేరు పెట్టుకున్నాడు వాటికి. భారతీయ చిత్రకళను మలుపు తిప్పిన గురువు పుల్లలు ఏరుకుంటున్నాడని ఆ రోజుల్లో ఎవరైనా నవ్వుకున్నారేమో తెలీదు గానీ, ఆ పుల్లల్ని ఇప్పుడు మ్యూజియంలు దాచుకుంటున్నాయి.

కళాభవన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ సంగతి వేరు. పుట్టుకతోనే చూపు అంతంతమాత్రం, 1950ల చివరికొచ్చేసరికి పూర్తిగా పోయింది. అయినా చెయ్యి ఆగలేదు. రంగుకాగితాలు తడుముతూ, మడుస్తూ, కత్తిరిస్తూ బొమ్మలు అతికించాడు. కళాభవన్ గోడ మీద 1972 నాటి పింగాణీ పలకల చిత్రం చూపులేని ఆ చేతులదే. ఒకప్పటి విద్యార్థి సత్యజిత్ రాయ్ అదే ఏడు ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశాడు. యూట్యూబ్‌లో దొరికితే ముందు చూసి వెళ్లండి, ఆ గోడ వేరేగా కనిపిస్తుంది.

మనకూ ఈ ఊరికీ చుట్టరికం ఉంది. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడ చదువుకున్నవారే, ఠాగూర్‌ని తెలుగులోకి తెచ్చినవారు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అడివి బాపిరాజుకు చిత్రకళ నేర్పిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ బెంగాల్ నుంచి వచ్చిన గురువు. అలా బెంగాలీ నీటిరంగుల పద్ధతి బందరు మీదుగా మన వారపత్రికల బొమ్మల దాకా వచ్చింది.

వెళ్లాలనుకునేవాళ్లకు మంచి అదను డిసెంబరు 1, 2 తేదీలు. నందలాల్ పుట్టినరోజు 3న. దాని ముందు రెండు రోజులూ కళాభవన్‌లో నందన్ మేళా జరుగుతుంది. గురువులు, విద్యార్థులు కలిసి చేసిన క్యాలెండర్లు, డైరీలు, పింగాణీ కప్పులు, అచ్చుబొమ్మలు, చిన్నచిన్న కార్డులు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది, కాబట్టి బేరం వద్దు. మామూలు రోజుల్లో వెళ్తే బుధవారం విశ్వభారతికి సెలవని గుర్తుంచుకోండి. ఇక కాలో బారి గోడలకు ఆనుకుని సెల్ఫీలు దిగకండి. అది మట్టి, చెయ్యి తగిలితే పెచ్చులూడుతుంది.